అమెరికా రాజ్యాంగం, మన హక్కులు: మనవాళ్ళు పదేపదే అడిగే ప్రశ్నలు

మా అత్తయ్యగారికి సిటిజన్‌షిప్ పరీక్ష కోసం పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన రోజు. "ఈ దేశంలో అన్నిటికంటే పెద్ద చట్టం ఏది?" అని అడిగాను. "ప్రెసిడెంటు" అన్నారు. కాదండీ, రాజ్యాంగం అన్నాను. "కాగితం మనిషి మీద పెత్తనం ఎలా చేస్తుంది అమ్మాయ్?" అన్నారు. నా దగ్గర చటుక్కున చెప్పే జవాబు లేదు. అప్పటినుంచి ఆవిడ అడిగినవి, గుడిలో భోజనాల దగ్గర అడిగినవి, కొత్తగా వచ్చిన స్టూడెంట్లు రాత్రి పదకొండుకి వాట్సాప్‌లో అడిగినవి ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ వచ్చాను. అవే ఇవి. నేను లాయర్‌ని కాదు. నిజంగా కేసు మీద పడితే ఈ పేజీ పక్కన పెట్టి లాయర్‌కి ఫోన్ చేయండి.

అమెరికా రాజ్యాంగం నిజంగా అంత చిన్నదా?

చిన్నదే. 1787 వేసవిలో ఫిలడెల్ఫియాలో 55 మంది కూర్చుని రాసుకున్నారు, సెప్టెంబర్ 17న 39 మంది సంతకాలు పెట్టారు. మొత్తం 7 అధికరణాలు. కాఫీ తాగుతూ అరగంటలో చదివేయొచ్చు. మన రాజ్యాంగం మొదలైందే 395 అధికరణాలతో.

చిన్నది కాబట్టి సులువు అనుకోకండి. "డ్యూ ప్రాసెస్" (చట్టప్రకారమే నడుచుకోవడం) అని రెండు మాటలు రాసి వదిలేశారు. వాటి అర్థం ఏమిటో తేల్చడానికి కోర్టులు ఇన్నేళ్ళుగా తంటాలు పడుతూనే ఉన్నాయి. అందుకే కింద చాలా జవాబుల్లో రాజ్యాంగం కంటే కేసుల పేర్లే ఎక్కువ కనిపిస్తాయి.

మూడు విభాగాలు అంటారు కదా, మన పార్లమెంటుకీ దీనికీ తేడా ఏమిటి?

మన దగ్గర ప్రధానమంత్రి పార్లమెంటులోనుంచే వస్తారు. మెజారిటీ పోతే కుర్చీ పోతుంది. ఇక్కడ ప్రెసిడెంటు కాంగ్రెస్‌లో సభ్యుడు కాడు, ఆయన మంత్రివర్గంలో ఉన్నవాళ్ళూ సభ్యులుగా ఉండకూడదు. ప్రతినిధుల సభలో 435 మంది, పదవి రెండేళ్ళు. సెనేట్‌లో రాష్ట్రానికి ఇద్దరు చొప్పున 100 మంది, ఆరేళ్ళు. ప్రెసిడెంటుకి నాలుగేళ్ళు. సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు, వాళ్ళకి రిటైర్మెంటు వయసే లేదు. ఒకరి జుట్టు ఒకరి చేతిలో ఉండేలా కావాలనే కట్టారు: కాంగ్రెస్ బిల్లు పాస్ చేస్తే ప్రెసిడెంటు వీటో చేయొచ్చు, రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లు వస్తే ఆ వీటో చెల్లదు, అంతా అయ్యాక కోర్టు ఆ చట్టాన్నే కొట్టేయొచ్చు.

కోర్టుకి ఆ అధికారం ఉందని రాజ్యాంగంలో సూటిగా ఎక్కడా రాసి లేదు. 1803లో మార్బరీ కేసులో చీఫ్ జస్టిస్ జాన్ మార్షల్ ఉందని తేల్చారు. అదే నిలబడిపోయింది.

షట్‌డౌన్ అంటే ప్రభుత్వం పడిపోయినట్టేనా? నా హెచ్‌1బి (ఉద్యోగ వీసా) సంగతేమిటి?

పడిపోదు, నిలిచిపోతుంది. ఖజానాలోంచి పైసా తీయాలన్నా కాంగ్రెస్ చట్టం కావాలి. బడ్జెట్ మీద పేచీ వచ్చి ఆ చట్టం పాస్ కాకపోతే చాలా ఆఫీసులకి తాళం పడుతుంది. 2025లో అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 వరకు, 43 రోజులు అలా నడిచింది. అంత పొడవైనది అంతకుముందు లేదు.

ఇమిగ్రేషన్ ఆఫీసు ఎక్కువగా మనం కట్టే ఫీజుల మీదే బతుకుతుంది, కాబట్టి దాని పని సాగుతుంది. చిక్కు లేబర్ డిపార్ట్‌మెంట్‌తో. హెచ్‌1బికి ముందు కావలసిన ఎల్‌సీఏ (జీతం, పని పరిస్థితుల గురించి కంపెనీ పెట్టే దరఖాస్తు మీద ఆమోదం) అక్కడినుంచి రావాలి. 2013లోనూ 2025లోనూ ఆ పని కొన్ని వారాలు ఆగింది. ఉద్యోగం మారుదామనుకున్నవాళ్ళకి ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు.

గవర్నర్‌ని ఇక్కడ ఎవరు వేస్తారు?

ఎవరూ వేయరు, జనం ఓట్లేసి గెలిపిస్తారు. పేరు చూసి మోసపోకండి. అధికారంలో ఆయన మన ముఖ్యమంత్రి లాంటివాడు. కేంద్రం ఆయన్ని తీసేయలేదు, మన 356వ అధికరణం (రాష్ట్రపతి పాలన) లాంటిది ఇక్కడ లేదు. పోలీసు, స్కూళ్ళు, పెళ్ళి, డ్రైవింగ్ లైసెన్సు, ఇంటి పన్ను అన్నీ రాష్ట్రాల చేతుల్లో ఉంటాయి. వీసాలు, పౌరసత్వం మాత్రం పూర్తిగా ఫెడరల్ ప్రభుత్వానివి.

ఈ రెండు చట్టాల మధ్య పడి నలిగేది మనవాళ్ళే. ఉదాహరణకి గంజాయి. చాలా రాష్ట్రాల్లో దుకాణాల్లో దర్జాగా అమ్ముతారు, రంగురంగుల గమ్మీల రూపంలో కూడా. ఫెడరల్ చట్టం కింద అది ఇప్పటికీ నేరమే. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళయినా సరే, ఇంటర్వ్యూలో "ఒకసారి తిన్నాను, మా రాష్ట్రంలో లీగలే కదా" అని అమాయకంగా ఒప్పుకుంటే పౌరసత్వానికి అడ్డం పడొచ్చు.

ఈ హక్కులన్నీ సిటిజన్లకేనా? వీసా మీద ఉన్నవాళ్ళకి ఏమీ ఉండవా?

నన్ను అందరికంటే ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. జవాబు రాజ్యాంగంలో ఏ మాట వాడారో చూస్తే దొరుకుతుంది. ఓటు విషయంలో "పౌరులు" అని ఉంటుంది. కానీ 1868లో వచ్చిన 14వ సవరణ, ఏ రాష్ట్రమూ ఏ "వ్యక్తి" ప్రాణాన్నీ స్వేచ్ఛనూ ఆస్తినీ చట్టప్రకారం కాకుండా లాక్కోకూడదు, ఏ "వ్యక్తి"కీ చట్టాల సమాన రక్షణ లేకుండా చేయకూడదు అంటుంది. వ్యక్తి అంటే మనిషి. పాస్‌పోర్టు ఏ రంగుదో అడగలేదు.

ఇది కాగితం మీది ముచ్చట కాదని 1886లో ఒక చాకిరేవు కేసు తేల్చింది. శాన్ ఫ్రాన్సిస్కోలో చెక్క భవనాల్లో లాండ్రీ నడపాలంటే పర్మిషన్ కావాలని నగరం ఒక నిబంధన పెట్టింది. చదివితే ఎవరిమీదా పక్షపాతం ఉన్నట్టు ఉండదు, మంటలు అంటుకోకుండా జాగ్రత్త అన్నట్టే ఉంటుంది. కానీ దాదాపు 200 మంది చైనీయులు దరఖాస్తు పెడితే ఒక్కరికీ ఇవ్వలేదు. చైనీయులు కానివాళ్ళు 80 మంది దాకా పెడితే ఒక్కరికి తప్ప అందరికీ ఇచ్చారు. యిక్ వో పేరుతో లాండ్రీ నడిపే ఆయన జైలుకి వెళ్ళి, సుప్రీంకోర్టుదాకా పోరాడి గెలిచాడు. ఆయన అమెరికా పౌరుడు కాదు. పౌరుడు కావడానికి ఆనాటి చట్టం ఒప్పుకునేది కూడా కాదు. అయినా 14వ సవరణ ఆయనకీ వర్తిస్తుందని జడ్జీలందరూ ఒక్కమాటగా చెప్పారు.

నేను ఏ హక్కు గురించి చదివినా మొదట చూసేది రెండే. అక్కడ ఉన్నది వ్యక్తా, పౌరుడా? అవతల ఉన్నది ప్రభుత్వమా, ప్రైవేటువాళ్ళా?

ఫేస్‌బుక్‌లో ఏదో రాశానని కంపెనీ ఉద్యోగం తీసేసింది. ఫ్రీడమ్ ఆఫ్ స్పీచ్ ఏమైంది?

అదే నేను చెప్పిన రెండో ప్రశ్న. మొదటి సవరణ "కాంగ్రెస్ ఇలాంటి చట్టం చేయరాదు" అని మొదలవుతుంది. అంటే కట్టేసింది ప్రభుత్వాన్ని. మీ కంపెనీని కాదు, మీ పోస్టు డిలీట్ చేసిన యాప్‌నీ కాదు. కొన్ని రాష్ట్రాల్లో ఉద్యోగులకి వేరే చట్టాల రక్షణ ఉంటుంది, అది రాజ్యాంగం ఇచ్చింది కాదు.

ప్రభుత్వం మీద అయితే ఈ హక్కు మన ఊహకి అందనంత బలమైనది. జాతీయ జెండా తగలబెట్టినా శిక్షించకూడదని 1989లో సుప్రీంకోర్టు 5-4తో చెప్పింది. ద్వేషంతో నిండిన మాటలకీ రక్షణ ఉంది, అప్పటికప్పుడు దౌర్జన్యం జరిగేలా ఉసిగొల్పితే తప్ప. ఇక్కడొక తమాషా ఉంది. అమెరికా మొదటి సవరణ మాట్లాడే స్వేచ్ఛ ఇవ్వడానికి వచ్చింది. మన రాజ్యాంగానికి 1951లో చేసిన మొదటి సవరణ ఆ స్వేచ్ఛ మీద పెట్టగల ఆంక్షల జాబితా పెంచడానికి వచ్చింది.

మరి నేను ఎఫ్‌1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నాను. ధర్నాకి వెళ్ళొచ్చా?

ధర్నాకి వెళ్ళినందుకు జైల్లో పెట్టడం కుదరదు, ఆ రక్షణ మీకూ ఉంది. కానీ వీసా ఇవ్వడం, రద్దు చేయడం వేరే లోకం. అక్కడ ప్రభుత్వం చేతికి చాలా అధికారం ఉంది. 2025లో నిరసనల్లో పాల్గొన్న కొందరు విదేశీ విద్యార్థుల వీసాలు రద్దు చేస్తే వాళ్ళు కోర్టులకి ఎక్కాల్సి వచ్చింది. అదే ఏడాది జూన్ నుంచి స్టూడెంట్ వీసా అడిగేవాళ్ళు, డిసెంబర్ 15 నుంచి హెచ్‌1బి, హెచ్‌4 అడిగేవాళ్ళు తమ సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌లో పెట్టాలన్నారు. హక్కు ఉంది, దానికి ఖరీదు కూడా ఉంది. ఎంతవరకు పెట్టుకోగలరో మీరే లెక్క చూసుకోవాలి. ఇంతకంటే తియ్యగా చెప్పడం నాకు చేతకాదు.

మా పాపని స్కూల్లో రోజూ జెండాకి ప్రతిజ్ఞ చెప్పమంటున్నారు. తప్పనిసరా?

కాదు. 1943లో, యుద్ధం మధ్యలో ఉండగా, వెస్ట్ వర్జీనియా కేసులో సుప్రీంకోర్టు ఆ బలవంతం కుదరదంది. ఆ కేసులోని పిల్లలు జెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖవాళ్ళు. సరిగ్గా అదే మతానికి చెందిన కేరళ పిల్లలు జాతీయగీతం పాడలేదని స్కూల్లోంచి పంపేస్తే 1986లో మన సుప్రీంకోర్టు కూడా వాళ్ళ పక్షానే నిలిచింది. మా వాడు మాత్రం గుండె మీద చెయ్యి పెట్టుకుని హాయిగా చెప్పేస్తాడు, అర్థం అడిగితే నీళ్ళు నములుతాడు.

కాప్ ఆపితే ఏం చేయాలి? ఏం చెప్పకపోయినా ఫర్వాలేదు?

ముందు కారు దిగకండి. మనూళ్ళో ట్రాఫిక్ పోలీసు ఆపితే బండికి స్టాండ్ వేసి, దిగి, "సార్, సార్" అంటూ దగ్గరికి వెళ్ళడం మర్యాద. ఇక్కడ అదే ప్రాణం మీదకి తెస్తుంది. ఇంజన్ ఆపి, అద్దం దించి, రెండు చేతులూ స్టీరింగ్ మీద కనిపించేలా పెట్టండి. లైసెన్సు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు అడిగితే చూపించాలి. డాష్‌బోర్డు అరలో ఉంటే "అందులో ఉన్నాయి, తీస్తున్నాను" అని చెప్పి తీయండి. డబ్బు ఇవ్వబోవడం కలలో కూడా వద్దు. చలానా పోయి క్రిమినల్ కేసు అవుతుంది.

"ఎంత స్పీడులో వెళ్తున్నావో తెలుసా?" అని అడుగుతారు. దానికి జవాబు చెప్పి తీరాలని లేదు, అబద్ధం మాత్రం చెప్పకూడదు. తర్వాత చాలా మామూలుగా, కబుర్లు చెప్పినట్టు, "కారు ఒకసారి చూడొచ్చా?" అంటారు. నాలుగో సవరణ మొత్తం ఆ క్షణంలో మీ నాలుక మీద ఉంటుంది. సరైన కారణం లేకుండా ప్రభుత్వం సోదా చేయకూడదని ఆ సవరణ చెబుతుంది. కానీ మీరు "ష్యూర్" అన్నారా, ఇక వారంటూ అక్కర్లేదు, కారణమూ అక్కర్లేదు. మనకి పెద్దవాళ్ళకి కాదని చెప్పడం రాదు, అందుకే ష్యూర్ అనేస్తాం. "ఐ డోంట్ కన్సెంట్ టు ఎ సెర్చ్" అని మెల్లగా చెప్పడం అద్దం ముందు రెండుసార్లు ప్రాక్టీస్ చేయండి. అయినా వెతికితే అడ్డం వెళ్ళకండి, ఆ మాట కోర్టులో పనికొస్తుంది.

ఇంటి తలుపు కొట్టినా సూత్రం ఇదే. ఇంట్లోకి రావాలంటే, లోపల ఎవరి ప్రాణమో ప్రమాదంలో ఉండటం లాంటి అత్యవసరమైతే తప్ప, వారంటు కావాలి లేదా మీ అనుమతి కావాలి. కాగితం తలుపు కిందనుంచి తోయమనండి, సంతకం ఎవరిదో చూడండి. కోర్టు జడ్జి సంతకానికీ, ఇమిగ్రేషన్ అధికారి తానే పెట్టుకున్న సంతకానికీ చాలా తేడా ఉంది.

ఫోన్ చూపించమంటే?

అరెస్టు చేసినా సరే ఫోన్‌లో వెతకాలంటే వారంటు కావాలని 2014లో రైలీ కేసులో తీర్పు వచ్చింది. ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ దగ్గర మాత్రం ఈ రూలు పనిచేయదు, సరిహద్దుకి మినహాయింపు ఉంది. పాస్‌వర్డ్ చెప్పనంటే పౌరుడిని దేశంలోకి రానివ్వకుండా ఆపలేరు, ఫోన్ పట్టుకుని ఉంచుకోవచ్చు. వీసా మీద వచ్చేవాళ్ళని వెనక్కి పంపేయనూవచ్చు.

మా ఫ్రెండ్‌ని షాప్‌లిఫ్టింగ్ కేసులో పట్టుకున్నారు. "ఒప్పేసుకుంటే ఫైన్‌తో పోతుంది" అంటున్నారు. ఒప్పుకోమంటారా?

సెల్ఫ్ చెకౌట్‌లో రెండు వస్తువులు స్కాన్ చేయకుండా బ్యాగులో వేసుకుని, చదువంతా ప్రమాదంలో పెట్టుకున్న పిల్లల గురించి వింటూనే ఉన్నాం. కాబట్టి దీనికి కాస్త వివరంగా.

మౌనంగా ఉండే హక్కు ఐదో సవరణ ఇచ్చింది. "మౌనంగా ఉండే హక్కు మీకుంది" అని సినిమాల్లో పోలీసులు చెప్పే హెచ్చరిక 1966లో మిరాండా కేసుతో వచ్చింది. కస్టడీలో ఉంచి ప్రశ్నలడిగేటప్పుడే అది చెప్పాలి. అరెస్టు చేయగానే చెప్పలేదు కాబట్టి కేసు కొట్టేస్తారనేది భ్రమ. ఇంకో విచిత్రం: ఊరికే నోరు మూసుకుంటే చాలదు, "నేను మాట్లాడను, లాయర్ కావాలి" అని నోరు తెరిచి చెప్పాలి.

లాయర్‌కి డబ్బు లేకపోతే, జైలు శిక్ష పడే క్రిమినల్ కేసుల్లో ప్రభుత్వమే పెట్టాలి. ఇది ఒక పేదవాడు సాధించిపెట్టింది. ఫ్లోరిడాలో ఒక పూల్ హాల్‌లో దొంగతనం చేశాడని క్లారెన్స్ గిడియన్‌ని పట్టుకున్నారు. లాయర్ కావాలంటే ఇవ్వలేదు, ఐదేళ్ళ శిక్ష వేశారు. ఆయన జైల్లో కూర్చుని పెన్సిల్‌తో సుప్రీంకోర్టుకి అర్జీ రాసుకున్నాడు. 1963లో గెలిచాడు. ఈసారి లాయర్‌తో మళ్ళీ విచారణ జరిగితే నిర్దోషి అన్నారు.

మీ ఫ్రెండ్‌కి అసలు కావలసింది 2010 నాటి పాడియా తీర్పు. నేరం ఒప్పుకుంటే దేశంనుంచి పంపేసే ప్రమాదం ఉందా అన్నది విదేశీయుడైన క్లయింటుకి క్రిమినల్ లాయర్ చెప్పి తీరాలని అందులో ఉంది. ఫైన్‌తో పోయేది కోర్టు కేసు. ఇమిగ్రేషన్ చట్టానికి ఆ చిన్న దొంగతనం "నైతిక పతనం" కిందికి వస్తుంది, తర్వాత ప్రతి వీసా స్టాంపింగ్‌లోనూ బయటపడుతుంది. కాబట్టి ఇమిగ్రేషన్ తెలిసిన లాయర్ చూడకుండా దేనిమీదా సంతకం వద్దు. మరొకటి, ఇమిగ్రేషన్ కోర్టులో గిడియన్ హక్కు లేదు. అక్కడ లాయర్‌ని మన డబ్బుతోనే పెట్టుకోవాలి.

ఇక్కడే పుట్టిన పిల్లలు ఆటోమేటిక్‌గా సిటిజన్లేనా?

14వ సవరణ మొదటి వాక్యం అదే చెబుతుంది. శాన్ ఫ్రాన్సిస్కోలో చైనా తల్లిదండ్రులకి పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్‌ని చైనా వెళ్ళొస్తుంటే దేశంలోకి రానివ్వలేదు. 1898లో ఆయన పౌరుడేనని సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరి 20న ప్రెసిడెంటు ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు, తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డు హోల్డరో కాకపోతే బిడ్డకి పౌరసత్వం ఉండదంది. ఎఫ్‌1, హెచ్‌1బి కుటుంబాలు సరిగ్గా అందులోకే వస్తాయి. కింది కోర్టులు దాన్ని ఆపాయి, 2025 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు విచారణకి తీసుకుంది. నెలలు నిండుతున్నవాళ్ళు ఫార్వర్డులు నమ్మకుండా ఆ వారం పరిస్థితి ఏమిటో లాయర్‌ని అడగండి.

లైసెన్సు ఆఫీసులో "ఓటరుగా నమోదు చేయమంటారా?" అన్నారు. సరే అన్నాను. ఏమన్నా అవుతుందా?

అవుతుంది, వెంటనే లాయర్‌ని చూడండి. 1993 చట్టం ప్రకారం లైసెన్సు ఇచ్చేచోటే ఓటరు నమోదు కూడా చేస్తారు. కౌంటరులో ఉన్నావిడ గబగబా ప్రశ్నలు అడుగుతుంది, వెనక క్యూ, మనం "యెస్, యెస్" అంటూ స్క్రీన్ మీద సంతకం పెట్టేస్తాం. అందులో "నేను అమెరికా పౌరుడిని" అన్న గడి కూడా ఉంటుంది. పౌరుడు కానివాడు పౌరుడినని చెప్పుకోవడం ఇమిగ్రేషన్ చట్టంలో క్షమించని తప్పుల్లో ఒకటి. పొరపాటున అన్నా సర్దిచెప్పుకోవడం కష్టం. జ్యూరీ డ్యూటీ ఉత్తరం వస్తే మాత్రం చింపి పారేయకండి, "పౌరుడిని కాను" అన్న గడి నింపి తిరిగి పంపండి.

మనవాళ్ళు ప్రెసిడెంటు కావచ్చా?

ఇక్కడ పుట్టినవాళ్ళు కావచ్చు. తర్వాత పౌరసత్వం తీసుకున్నవాళ్ళు ప్రతినిధుల సభకి ఏడేళ్ళకి, సెనేట్‌కి తొమ్మిదేళ్ళకి పోటీ చేయొచ్చు, ఆ కుర్చీ మాత్రం కుదరదు. మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచిన అరుణా మిల్లర్, వర్జీనియాలో అదే పదవికి 2025లో గెలిచిన గజాలా హష్మీ ఇద్దరూ హైదరాబాద్‌లో పుట్టినవాళ్ళే. రాజ్యాంగం వాళ్ళని ప్రెసిడెంటు కుర్చీ దాకా మాత్రం రానివ్వదు.

ఎక్కువ ఓట్లు వచ్చినా ఓడిపోవడం ఏమిటి?

ప్రెసిడెంటుని జనం నేరుగా ఎన్నుకోరు. రాష్ట్రాల తరఫున ప్రతినిధులు వేసే ఓట్లని ఎలక్టోరల్ ఓట్లు అంటారు, ఆ 538లో 270 రావాలి. దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ గెలిచినవాళ్ళకే ఆ రాష్ట్రం మొత్తం పోతుంది, మెయిన్, నెబ్రాస్కా మాత్రమే పంచుతాయి. అందుకే 2000లోనూ 2016లోనూ దేశం మొత్తం మీద తక్కువ ఓట్లు వచ్చినవాళ్ళు గెలిచారు. నాకైతే ఇది పాతకాలపు ఇంట్లో ఎవరూ వాడని మెట్లలా అనిపిస్తుంది, కానీ పడగొట్టాలంటే రాజ్యాంగ సవరణ కావాలి.

ఆ సవరణ అంత కష్టమా?

రెండు సభల్లో మూడింట రెండొంతులు ఒప్పుకోవాలి, ఆపైన 50లో 38 రాష్ట్రాలు ఒప్పుకోవాలి. ఇప్పటికి 27 మాత్రమే జరిగాయి. చివరిది కాంగ్రెస్ సభ్యుల జీతాల గురించి. 1789లో ప్రతిపాదించి మర్చిపోయారు. 1982లో టెక్సాస్‌లో గ్రెగరీ వాట్సన్ అనే విద్యార్థి, దానికి గడువు లేదు కాబట్టి ఇంకా బతికే ఉందని వ్యాసం రాస్తే సి గ్రేడు ఇచ్చారు. కడుపు మండి రాష్ట్రాలకి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. 1992లో అది రాజ్యాంగంలో చేరింది. 2017లో యూనివర్సిటీ ఆ గ్రేడుని ఎ చేసింది.

ఇన్ని హక్కులున్నా అన్యాయాలు జరగలేదా?

జరిగాయి, అదీ కోర్టు ఆశీస్సులతో. భగత్ సింగ్ థింద్ మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. భారతీయుడు తెల్లవాడు కాదు కాబట్టి పౌరసత్వానికి పనికిరాడని 1923లో సుప్రీంకోర్టు చెప్పింది. మనకి ఆ తలుపు 1946లో తెరుచుకుంది, అదీ ఏడాదికి 100 మందికే వలస కోటాతో. రెండో ప్రపంచయుద్ధంలో దాదాపు 1,20,000 మంది జపాన్ మూలాలవాళ్ళని శిబిరాల్లో పెట్టారు, వాళ్ళలో ఎక్కువమంది అమెరికా పౌరులే. వాళ్ళని ఇళ్ళనుంచి తరలించడాన్ని 1944లో కోర్టు సమర్థించింది. ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్నవాళ్ళకి 20,000 డాలర్ల చొప్పున ఇవ్వాలని చట్టం చేయడానికి 1988దాకా పట్టింది.

సిటిజన్‌షిప్ పరీక్ష తెలుగులో ఇవ్వొచ్చా?

గ్రీన్‌కార్డు మీద 20 ఏళ్ళు ఉండి వయసు 50 దాటినా, 15 ఏళ్ళు ఉండి 55 దాటినా ఇవ్వొచ్చు. రెండు భాషలూ వచ్చిన దుబాసీని మీరే తీసుకెళ్ళాలి. 2025 అక్టోబర్ 20 నుంచి దరఖాస్తు చేసినవాళ్ళకి 128 ప్రశ్నల జాబితా, అందులోంచి 20 వరకు అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. అంతకుముందు పెట్టినవాళ్ళకి పాత పద్ధతి: 100లోంచి 10, ఆరు చెబితే చాలు.

మా అత్తయ్యగారిది పాత పద్ధతే. ఆవిడకి చివరిదాకా మింగుడుపడనిది "చట్టానికి ఎవరూ అతీతులు కారు" అన్న జవాబు. మాజీ ప్రెసిడెంటుకి తన అధికారిక పనుల విషయంలో చాలావరకు క్రిమినల్ కేసుల నుంచి రక్షణ ఉంటుందని 2024లో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు టీవీ ముందు కూర్చుని, "మరి నువ్వు నేర్పింది తప్పా?" అన్నారు. పరీక్షలో అదే చెప్పాలండీ అన్నాను. ఇంటర్వ్యూ రోజు సరిగ్గా అదే అడిగారు. ఆవిడ జవాబు చెప్పి, దుబాసీ వైపు తిరిగి, "నాకు దీనిమీద ఒక సందేహం ఉందని కూడా చెప్పమ్మా" అన్నారట. ఆ అమ్మాయి జవాబొక్కటే ఇంగ్లీషులో చెప్పి ఊరుకుంది.